పెన్సిల్ గీతలు

బుడమేరు నీళ్ళు మా సింగ్‌నగర్ ఇంట్లోకి వచ్చింది 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. పై అంతస్తులోకి ఎక్కేశాం గనక మనుషులకేం కాలేదు. కింద గదిలో చెక్క బీరువా అడుగు అరలో ఉన్న నా ఆపరేషన్ థియేటర్ నోట్‌బుక్కులు మాత్రం రోజుల తరబడి ఆ నీళ్ళలోనే నానాయి. నీళ్ళు తీసి, బురద ఎత్తి, వాటి దాకా వచ్చేసరికి పన్నెండో రోజో పదమూడో రోజో అయింది. మొత్తం పదకొండు పుస్తకాలు. అట్టలు ఉబ్బిపోయాయి, ఆకులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. మురిగిన గడ్డివాము వాసన.

"పారేద్దాం అత్తా, ఇంకేం మిగిలుంటుంది అందులో?" అంది మా మేనకోడలు. నేను మాట్లాడలేదు. డాబా మీద పాత దుప్పటి పరిచి, ఇంట్లో మిగిలిన ఒక పాత ఆర్టరీ ఫోర్సెప్స్ తెచ్చుకుని కూచున్నాను. అతుక్కున్న పొరలు విడదీయడం నాకు తెలిసిన పనే. బలం పెట్టకూడదు. రెండు పొరల మధ్య ఎక్కడో ఒకచోట సందు ఉంటుంది. మూల దగ్గర ఫోర్సెప్స్ ముక్కు మూసి దూర్చి, లోపల నెమ్మదిగా తెరవాలి. సందు దొరికితే ఆకు దానంతటదే విడివడుతుంది. దొరక్కపోతే చిరుగుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా మనుషుల కడుపుల మీద నేను చేసిన పని ఇదే.

విడదీసి చూస్తే, ఇంకు పెన్నుతో రాసుకున్నదంతా పోయింది. రోగి పేరు, ఊరు, వయసు, తేదీ, ఎన్నో రోజున ఇంటికి పంపామన్నది, అన్నీ నీలి మరకలయ్యాయి. పెన్సిలుతో గీసిన బొమ్మలు మాత్రం చెక్కుచెదరలేదు. కోత ఎక్కడ పెట్టాం, ఏ పొర కింద ఏ పొర వచ్చింది, ఎక్కడెక్కడ కుట్టాం, అన్నీ నిన్న గీసినట్టే ఉన్నాయి. పేజీ తర్వాత పేజీ తిప్పాను. పొరలున్నాయి, మనుషులు లేరు. ఆ సాయంత్రం డాబా మీద కూచుని చాలాసేపు ఏడ్చాను. వరదకు ఇల్లు మునిగినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఈ పెన్సిలు అలవాటు డిసెక్షన్ హాలులో అబ్బింది. 1981లో సిద్ధార్థ వైద్య కళాశాలలో చేరాను. కాలేజీ పెట్టి అప్పటికి ఏడాదే. ఆ హాలు ఎలా ఉండేదో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. కిటికీలు ఏ వైపున్నాయో, బల్లలెన్నో మరిచిపోయాను. ఫార్మలిన్ ఘాటు మాత్రం ముక్కులో ఉండిపోయింది. కళ్ళు మండేవి. ఎన్నిసార్లు సబ్బు పెట్టి రుద్దినా మధ్యాహ్నం పెరుగన్నం ముద్దలో అదే వాసన. మొదటి నెల స్పూనుతో తిన్నాను. ఒకరోజు ఆకలి మీద మరిచిపోయి చేత్తో కలుపుకున్నాను. ఆ తర్వాత ఇక పట్టించుకోలేదు.

అనాటమీ చెప్పే మేడమ్ మమ్మల్ని ఇంకు ముట్టుకోనిచ్చేవారు కాదు. "పెన్సిలుతో గియ్యండమ్మా. ఇంకుతో గీస్తే తప్పని తెలిసినా దిద్దుకోబుద్ధి కాదు" అనేవారు. పొట్ట గోడ బొమ్మ నాతో ఎన్నిసార్లు చెరిపించి గీయించారో లెక్కలేదు. పైన చర్మం. దాని కింద కొవ్వు నిండిన క్యాంపర్ పొర. ఆ కింద పలచగా, గట్టిగా స్కార్పా పొర. అక్కణ్ణించి పొట్ట పక్క భాగంలో మూడు కండలు ఒకదాని మీద ఒకటి: ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్, ఇంటర్నల్ ఆబ్లిక్, ట్రాన్స్‌వర్సస్. వాటి లోపల ట్రాన్స్‌వర్సాలిస్ ఫేషియా, కాస్త కొవ్వు, అన్నిటికన్నా లోపల పేగుల్ని కప్పి ఉంచే పెరిటోనియం. పొట్ట నట్టనడుమ నిలువుగా కోస్తే ఈ కండలేవీ అడ్డురావు. రెండువైపుల కండల తొడుగులూ వచ్చి అల్లుకుపోయిన తెల్లటి నారపట్టీ ఒక్కటే ఉంటుంది. దాని పేరు లీనియా ఆల్బా. లాటిన్‌లో తెల్ల గీత అని అర్థం. బస్సులో ఇంటికి, పామర్రు వెళ్తూ ఈ పేర్లన్నీ ఎక్కాల్లా వల్లించేదాన్ని.

ఆ ఎండాకాలం సెలవుల్లో జరిగింది ఒకటి చెప్పాలి. అమ్మకు 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఊరి బడిలో పెట్టిన క్యాంపులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. బొడ్డు కింద బెత్తెడు మచ్చ. అమ్మ పెరట్లో మంచం మీద నడుం వాల్చి ఉంటే నేను ఆ మచ్చ మీద వేలు పెట్టి, పైనుంచి లోపలికి ఒక్కొక్క పొర పేరూ చదివాను. తప్పు లేకుండా చదివాను. అమ్మ ఓపిగ్గా విని, "అవన్నీ నాకు తెలీదే. ఆ బడి వరండాలో చాప మీద పడుకోబెట్టారు. దగ్గొచ్చినప్పుడల్లా ప్రాణం పోయొచ్చేది. మీ అమ్మమ్మ పొట్ట మీద దిండు పెట్టి అదిమి పట్టుకునేది" అంది. నేను విన్నాను, కానీ విననట్టే. నాకప్పుడు పేర్లు వచ్చు, అదే పెద్ద సంగతి. దగ్గు, దిండు, అమ్మమ్మ చెయ్యి, ఇవేవీ పరీక్షలో అడిగేవి కావు. వాటి విలువ నాకు ఎనిమిదేళ్ళ తర్వాత తెలిసింది, అదీ వేరే మనిషి ఖర్చు మీద.

ఫార్మలిన్‌లో నానిన దేహంలో పొరలన్నీ ఒకే బూడిదరంగు. ప్రాణమున్న దేహంలో వాటి రంగులు చూసి నేను నిర్ఘాంతపోయాను. కొవ్వు పండిన మామిడిరసం రంగులో మెరుస్తుంది. కండ ముదురెరుపు, కాటరీ తగిలితే ఉలిక్కిపడుతుంది. పెరిటోనియం ఎంత పలచనంటే, కోయకముందే వెనక పేగు కదలడం కనిపిస్తుంది.

నా చేతికి మొదటి అపెండిక్స్ దొరికింది గుంటూరు పెద్దాసుపత్రిలో, ఎం.ఎస్. మొదటి ఏడాది. న్యూయార్క్ సర్జన్ మెక్‌బర్నీ 1894లో వివరించిన కోత అది. బొడ్డు నుంచి కుడి తుంటి ఎముక ముందు కొనకు గీత గీస్తే, ఆ ఎముక వైపు మూడో వంతు దగ్గర పెడతారు. దాని గొప్పతనమంతా ఒక్కటే, లోపల కండలు కోయనక్కర్లేదు. పుస్తకంలో అది చదివాను. కానీ స్కాల్‌పెల్ చేతిలో ఉన్నప్పుడు కోయాలనే అనిపిస్తుంది. ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ తెల్లటి నారపొర బయటపడగానే నేను అడ్డంగా గీయబోయాను. ఎదురుగా రిట్రాక్టర్ పట్టుకున్న థియేటర్ అసిస్టెంట్, మేమంతా బాబాయ్ అనేవాళ్ళం, గొంతు తగ్గించి, పక్కనున్న సీనియర్‌కు వినబడకుండా, "మొవ్వు చీల్చినట్టు చీల్చాలమ్మాయ్, కొయ్యకూడదు" అన్నాడు.

తాటిమొవ్వు నేనెరుగుదును. విచ్చుకోని లేతాకు, పాలలా తెల్లగా, నునుపుగా ఉంటుంది. నిలువునా గోరు పెడితే చివరిదాకా సాగిపోతుంది, అడ్డంగా తెంపితే నార లేస్తుంది. చూస్తే ఆ పొర అచ్చంగా అలాగే ఉంది. ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకున్నప్పుడు వేళ్ళు ఏ దిక్కుకు వాలుతాయో ఆ దిక్కుకు దాని నారలు పరుగెత్తుతున్నాయి. చిన్న గాటు పెట్టి కత్తెర మొన తోస్తే విచ్చుకుంది. దాని కింది కండ నారలు ఎదురు దిక్కుకు, ఆ కిందివి అడ్డంగా. మా పాక చుట్టూ కట్టే తాటాకు తడక అల్లికే. ఆ రెండు కండల్నీ కోయకుండా ఫోర్సెప్స్‌తో, తర్వాత చూపుడు వేళ్ళతో విడదీశాం. పని అయ్యాక రిట్రాక్టర్లు తీసేస్తే ఆ కండలు తమంతట తామే వచ్చి కలుసుకున్నాయి. ఆ దృశ్యం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. బాబాయ్‌కి ఆ పొరల్లో ఒక్కదాని పేరూ రాదు. గుంటూరులో నాకు చెప్పినవాళ్ళలో నా వేళ్ళకు చదువు చెప్పింది ఆయనే.

1988 డిసెంబర్ నెలాఖరులో నేను సెలవు మీద బెజవాడలో ఉన్నాను. 26న ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగాగారి హత్య, వెంటనే ఊరంతా మంటలు, కర్ఫ్యూ. ఎవరెవరిని కొట్టారో, ఎవరి దుకాణం కాలిందో నేను చూడలేదు, చూసినవాళ్ళు చెప్పుకున్నదాన్ని నేను రాయను. నేను చూసింది తలల్ని. హనుమాన్‌పేట పెద్దాసుపత్రికి పాత విద్యార్థినిగా సాయానికి వెళ్ళాను. ఎలా వెళ్ళానో, ఎవరు దింపారో గుర్తులేదు. టైర్లు కాలిన వాసన వార్డు దాకా వచ్చేది. ఆ రాత్రి ఎన్ని తలలు కుట్టానో తెలియదు. తల మీద అయిదు పొరలు. చర్మం, దాని కింద గట్టి నారలున్న పొర, గేలియా అనే తోలుపట్టా లాంటి పొర, వదులైన పొర, ఎముక మీది పొర. ఆ రెండో పొరలోని రక్తనాళాల్ని చుట్టూ ఉన్న నారలు లాగి పట్టుకోవడం వల్ల, తెగినా అవి ముడుచుకుపోవు. అందుకే చిన్న గాయమైనా నెత్తురు ధారకడుతుంది. గేలియా అడ్డంగా తెగితే గాయం నోరు తెరుచుకుంటుంది, ముందూ వెనకా ఉన్న కండలు చెరోవైపు లాగుతాయి గనక. గేలియా కుట్టగానే నెత్తురు ఆగిపోతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తలల కింద ముఖాలున్నాయి. ఒక్కటే గుర్తుంది. పదహారేళ్ళ కుర్రాడు. కుడుతుంటే మూలగలేదు. "అక్కా, మా సైకిలు బయటుంది, ఎవరైనా తీసుకుపోతారేమో చూడండక్కా" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. నేను చూడలేదు. కుట్లు పూర్తిచేసి తర్వాతి తల దగ్గరికి వెళ్ళాను. ఆ సైకిలు ఉందో పోయిందో.

ఎం.ఎస్. పరీక్ష అయ్యాక, 1990లో, డెల్టాలో సముద్రం వైపు ఒక ఊళ్ళో ఆసుపత్రిలో చేరాను. దాని పేరు రాయను. అక్కడ నా దగ్గరికి ఎక్కువగా వచ్చింది వరిబీజం. జనం బుడ్డ అంటారు. కాలవగట్ల మురుగు, దోమలు, వాటితో వచ్చే బోదకాలు పురుగు. ఆ రోజుల్లో ఊరికి పదిమంది మగవాళ్ళు లుంగీ వదులుగా కట్టుకుని, నడక మార్చుకుని బతికేవాళ్ళు. ఒక జాలరి భార్యతో వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "మగ డాక్టరుగారు లేరా అమ్మా?" అన్నాడు. భార్య అతణ్ణి వెనకనుంచి నెట్టింది. "పన్నెండేళ్ళ నుంచి ఒక్క పెళ్ళికి రాడు డాక్టరమ్మా. బంధువుల్లో నేనొక్కదాన్నే పోయి నిలబడతా" అంది.

వెన్నులో మత్తు సూది కూడా నేనే ఇచ్చుకునేదాన్ని. తుంటి ఎముకల ఎత్తు చూసుకుని సూది పెడితే చర్మం, కొవ్వు, వెన్నుపూసల మధ్య నారలు, ఆ తర్వాత పసుపు లిగమెంట్. అక్కడ సూది బిగుస్తుంది. ఇంకాస్త తోస్తే డ్యూరా దాటుతుంది. కంటికేమీ కనిపించదు. లేత ముంజ పొర చిట్లినట్టు వేలికి తెలుస్తుంది, అంతే. వెంటనే సూది వెనక నిర్మలమైన నీటి చుక్క నిలుస్తుంది.

బుడ్డ ఆపరేషన్లో నాకెప్పుడూ ఆశ్చర్యం కలిగించేది దాని పొరలే. తల్లి గర్భంలో వృషణం మొదట కడుపులో ఉంటుంది. కిందికి దిగేటప్పుడు పొట్ట గోడ పొరల్ని ఒక్కొక్కటీ తనతో తెచ్చుకుంటుంది, అత్తారింటికి వెళ్ళే పిల్ల సారె తెచ్చుకున్నట్టు. ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ నుంచి ఒక పొర, ఇంటర్నల్ ఆబ్లిక్ నుంచి క్రెమాస్టర్ కండ, ట్రాన్స్‌వర్సాలిస్ నుంచి ఒకటి, పెరిటోనియం నుంచి ట్యూనికా వెజైనాలిస్ అనే లోపలి సంచి. ఆ సంచిలోనే నీరు చేరుతుంది. చీకట్లో టార్చి ఆనిస్తే దీపం పెట్టిన బుట్టలా ఎర్రగా వెలుగుతుంది. ఆ జాలరికి లీటరు పైగా తీశాం, తేనె రంగు నీరు. కుట్లు విప్పే రోజు అతను నా వైపు చూడకుండానే, "వచ్చే మాఘంలో మా మేనకోడలి పెళ్ళి" అన్నాడు. 2004 తర్వాత ఏటా ఇంటింటికీ తిరిగి మాత్రలు మింగించడం మొదలయ్యాక నా ఓపీలో ఆ లుంగీలు మెల్లగా తగ్గాయి.

సిజేరియన్ల గురించి ఎక్కువ రాయను. అవి చేసింది నా సహోద్యోగులు, నేను పిలిస్తే వెళ్ళి సాయం పట్టినదాన్ని. ఫానెన్‌స్టీల్ 1900లో చెప్పిన అడ్డకోత, చర్మం నుంచి గర్భాశయం దాకా ఒక్కొక్కటే తెరుచుకుంటూ వెళ్తే చివరికి ఉమ్మనీటి సంచి, వెంటనే ఏడుపు. ఇప్పుడు మన రాష్ట్రంలో పది కాన్పుల్లో నాలుగుకు పైగా ఈ కోతతోనే జరుగుతున్నాయి. మా అమ్మలాగే వాళ్ళలో చాలామందికి లోపల ఏమేం తెరిచి మూశారో ఎవరూ చెప్పి ఉండరు.

ఇక ఒక కుట్టు దారం సంగతి. ఇన్ని పేజీలు దాని చుట్టూ తిరుగుతూ వచ్చాను.

1990 మే 9 తుపాను మా డెల్టాలో అరటితోటల్ని పడుకోబెట్టింది. నేను చెప్పేది ఆ తర్వాత రెండు నెలలకు, వానాకాలం రాత్రి. యాభై దాటిన కౌలురైతును మంచం మీద మోసుకొచ్చారు. మోకాళ్ళ నొప్పులకు ఆర్.ఎం.పి. ఇచ్చిన బిళ్ళలు నెలల తరబడి మింగాడు. పొద్దున కత్తితో పొడిచినట్టు నొప్పి. రాత్రికి పొట్ట పలకలా బిగుసుకుపోయింది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కాలేయం మీద నెలవంకలా గాలి. అల్సర్‌కు చిల్లు పడింది.

కొడుక్కి ఇరవై ఉంటాయేమో. నేను చీటీ రాసిచ్చాను: గ్లౌజులు, సెలైన్లు, క్యాట్‌గట్, లావుపాటి నైలాన్ రెండు. వానలో సైకిలు మీద వెళ్ళి వచ్చాడు. ప్లాస్టిక్ సంచిలో నైలాన్ ఒక్కటే ఉంది. "ఒకటే తెచ్చానమ్మా, సరిపోతుందా?" అన్నాడు. థియేటర్ తలుపు దగ్గర సంచి అందిస్తున్న అతని మణికట్టు మీద, గడియారం పెట్టుకునే చోట, చర్మం పట్టీలా తెల్లగా ఉంది. గడియారం లేదు. నాకు అర్థమైంది.

ఆపరేషన్ బాగా జరిగింది. నడుమ నిలువు కోత, చర్మం, కొవ్వు, తెల్ల గీత, పెరిటోనియం. పెరిటోనియం తెరవగానే గాలి బుస్సుమంది. డ్యుయోడినమ్ మీద కందిగింజంత చిల్లు. పక్కనున్న ఓమెంటం కొవ్వు ముక్క తెచ్చి దాని మీద కట్టాం. గోరువెచ్చటి సెలైన్‌తో కడుపంతా కడిగాం. ఎం.ఎస్. పాసై నాలుగు నెలలు. నా చెయ్యి జోరు మీద ఉంది, గడియారం చూసుకుంటూ చేసేదాన్ని.

మూసేటప్పుడు పొరల్లో బరువు మోసేది ఒక్కటే, లీనియా ఆల్బా. పెరిటోనియం కుట్టకపోయినా కొద్ది రోజుల్లో తనే మానుతుంది. కొవ్వుకు పట్టు లేదు. చర్మం వారంలో అతుక్కుంటుంది గానీ దగ్గును ఆపలేదు. తెల్ల గీతకు బలం రావడానికి నెలలు పడుతుంది, అంతదాకా ఆ మనిషి పొట్టను పట్టి ఉంచేది దారమే. ఎంత దారం కావాలో జెంకిన్స్ అనే బ్రిటిష్ సర్జన్ 1976లోనే లెక్క చెప్పాడు. గాయం పొడవుకు కనీసం నాలుగు రెట్లు. అంచుకు సెంటీమీటరు దూరంలో, సెంటీమీటరుకొక కుట్టు. ఎందుకంటే పొట్ట ఉబ్బితే గాయం పొడవు ముప్పై శాతం దాకా సాగుతుంది. దారం తక్కువైతే సాగడానికి మిగులు ఉండదు. ఇదంతా నేను పరీక్షలో రాసి వచ్చినదే.

కోత పద్దెనిమిది సెంటీమీటర్లు. చేతిలో ఉన్నది డెబ్బై సెంటీమీటర్ల దారం ఒక్కటి, అందులో రెండు కొసల ముడులకే కొంత పోతుంది. సగం కుట్టాక పెద్ద సిస్టర్ నా చేతి వైపు చూసి, "ఇంకోటి తెప్పిద్దామా అమ్మా?" అంది. స్టోరుకు తాళం, తాళంచెవి ఉన్నాయన ఇంటికి వెళ్ళిపోయాడు. తెప్పించాలంటే ఆ కుర్రాడే మళ్ళీ వెళ్ళాలి. "అక్కర్లేదు సిస్టర్, సరిపోతుంది" అన్నాను. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం పెంచాను. దారం బిగించి లాగాను. సరిపోయింది.

అది జాలి అనుకున్నాను. జాలి ఉంది కూడా. ఆ తెల్లటి మణికట్టు నా కళ్ళముందే ఉంది. కానీ దానితోపాటు ఇంకోటి ఉంది. నా చెయ్యి ఎంత తక్కువతోనైనా నెగ్గుకొస్తుందన్న నమ్మకం. ఆ రెండూ ఆ రాత్రి ఎంతగా కలిసిపోయాయంటే ఇప్పటికీ విడదీయలేకపోతున్నాను. పైన చర్మం మాత్రం ముగ్గు పెట్టినట్టు కుట్టాను. మర్నాడు కట్టు మార్చేటప్పుడు కొడుకు చూసి, "ఎంత అందంగా కుట్టారమ్మా" అన్నాడు. సంతోషించాను.

ఆయన చుట్ట తాగే మనిషి. మూడో రోజు నుంచి దగ్గు. పొట్ట కొద్దిగా ఉబ్బింది. దగ్గినప్పుడల్లా భార్య పొట్ట మీద తుండు మడిచి అదిమేది. ఆ చెయ్యి చూస్తే అమ్మ మాట గుర్తు రావలసింది. రాలేదు. ఏడో రోజు పొద్దున గాజుగుడ్డ మీద లేత గులాబీరంగు నీరు. పైన చర్మం చక్కగా అతుక్కునే ఉంది. పుస్తకంలో ఆ రంగు గురించి ప్రత్యేకంగా రాసి ఉంటుంది. లోపలి పొర విడిపోతోందని అది ముందే చెబుతుంది. నాకు తెలుసు. సాయంత్రం దాకా చూద్దామనుకున్నాను.

సాయంత్రం నేను వార్డులోనే ఉన్నాను. పెద్ద దగ్గు ఒకటి వచ్చింది. ఆయన రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, కేకేమీ వేయకుండా, నా వైపు చూసి, "అమ్మాయ్, ఏదో జారింది" అన్నాడు. దుప్పటి తీశాను. ఆయన వేళ్ళ మధ్యనుంచి పేగులు, తడిగా, గులాబీరంగులో, ఇంకా మెల్లగా కదులుతూ ఉన్నాయి.

తడిపిన మాపులు కప్పి థియేటర్‌కు తీసుకెళ్ళాం. తెరిచి చూస్తే దారం తెగలేదు. ముడులు రెండూ నేను వేసినట్టే ఉన్నాయి. దారం మొత్తం ఒక్క ముక్కగా, తీగలా బిగుసుకుని, ఒక అంచుకే వేలాడుతోంది. రెండో అంచును అది కోసుకుంటూ బయటకొచ్చింది. ప్రతి కుట్టు దగ్గరా తెల్ల గీతలో చీలిక. ఈసారి లావు దారాలతో అన్ని పొరలూ కలిపి కుట్టి, చర్మం తెగకుండా సెలైన్ గొట్టం ముక్కలు తొడిగి ముళ్ళేశాం. నాలుగు దారాలు పట్టాయి. డబ్బు నేనిచ్చాను. సిస్టర్ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆయన బతికాడు. నెల పైన ఉండి వెళ్ళాడు.

మళ్ళీ చూసింది 1992లో, కృష్ణా పుష్కరాలప్పుడు. నేనప్పటికి బెజవాడ వచ్చేశాను. ఎలా కనుక్కున్నారో, స్నానం చేసి తడిబట్టలతోనే భార్యతో మా ఇంటి గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా లేదు. పొట్ట చుట్టూ తుండుగుడ్డ బిగించి కట్టి ఉంది. దాని కింద పాత మచ్చ వెంబడి కొబ్బరికాయంత ఉబ్బు. హెర్నియా. "దగ్గితే బయటికొస్తది, అదిమితే లోపలికి పోతది. దానికీ నాకూ అలవాటైపోయింది తల్లీ" అన్నాడు. వల పెట్టి బాగుచేయొచ్చని, ఖర్చు నేను చూసుకుంటానని చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "రెండుసార్లు తెరిచావుగా. ఇక వద్దు. నన్ను బతికించింది నువ్వే." తోట మళ్ళీ లేచిందని చెప్పి చక్రకేళి అత్తం ఒకటి అరుగు మీద పెట్టాడు.

దారం సంగతి నేనాయనకు చెప్పలేదు. అప్పుడు చెప్పడానికి గుమ్మంలో ఎవరూ అడ్డు లేరు. భార్య పళ్ళు తుడుస్తూ కూచుంది. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను, బస్సు ఎన్నింటికని అడిగాను.

ఆ తర్వాత ఏ పొట్ట మూసినా, కుట్టడం అయ్యాక మిగిలిన దారం ముక్కలు పక్కన పెట్టించి స్కేలుతో కొలిచేదాన్ని. వాడిన దారం ఎంత, గాయం ఎంత. జూనియర్లు మొదట్లో వింతగా చూసేవాళ్ళు. 2015లో లాన్సెట్‌లో నెదర్లాండ్స్ సర్జన్ల అధ్యయనం చదివాను. సెంటీమీటరు ఎడం కాదు, అయిదు మిల్లీమీటర్లకొక చిన్న కుట్టు వేస్తే ఏడాది తర్వాత హెర్నియాలు నూటికి ఇరవై ఒకటి నుంచి పదమూడుకు తగ్గాయట. అంటే ఇంకా ఎక్కువ కుట్లు, ఇంకా ఎక్కువ దారం. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆ రాత్రి థియేటర్‌లో సిస్టర్ గొంతు విన్నాను.

డాబా మీద ఆ పేజీ దొరికింది. నాలుగో పుస్తకంలో, మధ్యలో. నిలువు కోత బొమ్మ, పొరలు, తెల్ల గీత మీద ఎడమెడంగా కుట్లు. నేను నిజాయితీగానే గీశాను, ఎడం ఎంత ఉందో అంతే గీశాను. బొమ్మ పక్కన, రెండో ఆపరేషన్ అయిన రాత్రి పెన్సిలుతో వేసుకున్న లెక్క కూడా ఉంది. 18 × 4 = 72. దాని కింద 70, ఆ డెబ్బై చుట్టూ సున్నా చుట్టి ఉంది. పైన పేరు రాసిన చోట నీలి మరక. ఎండకు పెట్టి, భూతద్దం పెట్టి చూశాను. మొదటి అక్షరం 'వె' లాగా ఉంది. వెంకటేశ్వర్లో, వెంకట్రామయ్యో. కొడుకు పేరైతే నేనసలు ఎక్కడా రాసుకోలేదు.